లిటిల్ వెనిస్ నుంచి లైమ్‌హౌస్ దాకా: నారోబోట్‌లో ఒక్క రోజులో 12 లాకులు దిగడం ఎలా

ఎండలు మొదలయ్యేసరికి లండన్‌లో ఉన్న మనవాళ్ళ నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, నారోబోట్ తీసుకుంటున్నాం. రీజెంట్స్ కెనాల్ మీద వెళ్ళాలి. లాకులు మనమే తెరుచుకోవాలంటగా, ఎలా?" అని. అవును, మీరే తెరవాలి, మీరే మూయాలి. నారోబోట్ అంటే ఇక్కడి కాలువల మీద తిరిగే సన్నటి, పొడవాటి పడవ. లాకు అంటే కాలువ మట్టం మారే చోట రెండు కొసలా తలుపులున్న నీటి గది. అందులో నీళ్ళు నింపితే పడవ పైకి లేస్తుంది, వదిలితే కిందికి దిగుతుంది. మన గోదావరి, కృష్ణా కాలువల మీద లాకుల దగ్గర ఆ పనికి లస్కర్లు ఉండేవారు. ఇక్కడ చాలా లాకుల దగ్గర ఎవరూ ఉండరు. పడవలో వెళ్ళేవాళ్ళే లస్కర్లు.

ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు అంతా ఒక్కచోట, చేయాల్సిన వరుసలోనే రాస్తున్నాను.

దారి ఇది: పశ్చిమాన లిటిల్ వెనిస్‌లో బయలుదేరి తూర్పున లైమ్‌హౌస్ బేసిన్‌కు చేరడం. దూరం సుమారు ఎనిమిదిన్నర మైళ్ళు. క్యామ్‌డెన్‌లోని హ్యాంప్‌స్టెడ్ రోడ్ లాకు మొదటిది, లైమ్‌హౌస్ ముందున్న కమర్షియల్ రోడ్ లాకు పన్నెండోది. అన్నీ దిగుడు లాకులే. ఒక్కోదానిలో పడవ సగటున 2 మీటర్లకు కొంచెం ఎక్కువే కిందికి దిగుతుంది. మొత్తం మీద 86 అడుగులు.

## 1. ముందు ఈ ఐదు మాటలు

పడవలో అందరూ ఒకే మాట వాడితే సగం గందరగోళం తగ్గుతుంది. మా ఇంట్లో మేం వాడేవి ఇవి.

- ఎగువ, దిగువ: క్యామ్‌డెన్ వైపు ఎగువ, లైమ్‌హౌస్ వైపు దిగువ. ఎడమ, కుడి అంటే ఎవరు ఎటు తిరిగి ఉన్నారన్న గొడవ వస్తుంది.
- తలుపు: లాకుకు రెండు కొసల్లో ఉండే బరువైన తలుపులు. పైన ఉన్న పొడవాటి దూలాన్ని నడుముతో నెట్టి తెరవాలి.
- షట్టర్: నీళ్ళు వదిలే తూము పలక. బోటు వాళ్ళు ప్యాడిల్ అంటారు.
- విండ్‌లాస్: షట్టర్ ఎత్తే హ్యాండిల్. ఎల్ అక్షరంలా వంగి ఉంటుంది.
- గడప: ఎగువ తలుపుల అడుగున, లాకు లోపలికి పొడుచుకు వచ్చిన రాతి లేదా కాంక్రీటు అరుగు. లాకు నిండి ఉన్నప్పుడు కనిపించదు, నీళ్ళు దిగాక బయటపడుతుంది. ఇక్కడివాళ్ళు సిల్ అంటారు. ఈ దారిలో అసలైన ప్రమాదం ఇదే.

## 2. వారం ముందే తేల్చుకోవాల్సినవి

ఒక్క పగటికి అద్దెకిచ్చే చిన్న పడవలను చాలాచోట్ల లాకుల్లోకి తీసుకెళ్ళనివ్వరు. ఈ ప్రయాణానికి రెండు మూడు రోజులు అద్దెకిచ్చే పడవ కావాలి, లేదా సొంత పడవ ఉన్న స్నేహితులు వెంట ఉండాలి. డబ్బు కట్టే ముందే "లైమ్‌హౌస్ దాకా వెళ్ళొచ్చా, ఇస్లింగ్టన్ టన్నెల్ దాటొచ్చా" అని అడిగి జవాబు మెయిల్‌లో తెప్పించుకోండి.

పడవ నడపడానికి మీకు లైసెన్స్ అక్కర్లేదు. లైసెన్స్, ఇన్సూరెన్స్ ఉండాల్సింది పడవకు. అద్దె పడవకైతే అవి యజమాని చూసుకుంటాడు.

కాలువను చూసుకునేది కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్. ఏ లాకు రిపేర్‌లో ఉంది, ఎక్కడ దారి మూశారు అనేది వాళ్ళ వెబ్‌సైట్‌లో పెడతారు. నవంబరు నుంచి మార్చి దాకా పెద్ద మరమ్మతులు ఎక్కువ. వారం ముందు ఒకసారి, ముందు రోజు రాత్రి ఇంకోసారి చూడండి.

రాత్రికి పడవ కట్టే చోటు కూడా ముందే బుక్ చేసుకోండి. లండన్‌లో గట్టు వెంట ఖాళీ దొరకడం కష్టం. సాయంత్రం ఐదింటికి అలసిపోయి చోటు కోసం వెతుక్కుంటూ తిరగడంలో ఉండే టెన్షన్ చెప్పలేను.

టైం లెక్క తేలిక. మైళ్ళు, లాకులు కలిపి మూడుతో భాగించండి. ఎనిమిదిన్నర మైళ్ళు, 12 లాకులు కలిపితే ఇరవై చిల్లర, అంటే దాదాపు ఏడు గంటలు. మొదటిసారైతే ఒక గంట, భోజనానికి ఇంకో గంట కలపండి. ఉదయం 8 దాటాక బయలుదేరితే ఇబ్బంది పడతారు. అద్దె పడవను చీకటి పడ్డాక నడపనివ్వరు.

## 3. ఎవరి పని ఏది

గట్టి మనుషులు ముగ్గురు చాలు, నలుగురైతే హాయి. పని రాత్రే పంచుకోండి, పొద్దున లాకు ముందు కాదు.

- సరంగు: చుక్కాని దగ్గర ఉండే మనిషి. లాకులో పడవ ఉన్నంతసేపూ అక్కడి నుంచి కదలకూడదు.
- షట్టర్ల మీద ఇద్దరు: చెరో గట్టున ఒకరు. విండ్‌లాస్ ఎవరిది వాళ్ళ దగ్గరే ఉండాలి.
- నాలుగో మనిషి: తాడు పట్టుకోవడం, పిల్లల్ని చూసుకోవడం, వీలుంటే ముందు నడిచి వెళ్ళి తర్వాతి లాకు సిద్ధం చేయడం.

ఒక్క నియమం పెట్టుకోండి, దాన్ని ఎవరి కోసమూ సడలించొద్దు: సరంగు చెయ్యి పైకెత్తి చూపేదాకా ఎవరూ షట్టర్ ముట్టుకోకూడదు. ఇంజిన్ చప్పుడులో కేకలు వినపడవు. "ఆపు" అన్నది "ఆ, ఎత్తు" అన్నట్టు వినపడిన సందర్భం నాకు తెలుసు. అందుకే చేతి సైగలే. చెయ్యి నిటారుగా ఎత్తితే షట్టర్ ఎత్తాలి. రెండు చేతులూ తల మీద కత్తెరలా పెడితే వెంటనే దించేయాలి. బయలుదేరే ముందు గట్టు మీద నిలబడి ఐదు నిమిషాలు ప్రాక్టీస్ చేయండి.

అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉంటే, వాళ్ళను లిటిల్ వెనిస్ నుంచి క్యామ్‌డెన్ దాకా తీసుకెళ్ళి అక్కడ దించేయమని నా సలహా. ఆ రెండున్నర మైళ్ళలో లాకులు లేవు. చెట్లు, తెల్లటి పెద్ద ఇళ్ళు, జూ పక్క నుంచి ప్రయాణం, గంటలో అయిపోతుంది. మోకాళ్ళ నొప్పులతో పన్నెండు లాకుల దగ్గర కూర్చోబెట్టడం వాళ్ళకు శిక్షే.

## 4. సామాను చెక్‌లిస్ట్

- విండ్‌లాస్‌లు మూడు. ఒకటి నీళ్ళలో పడుతుందనే అనుకుని వెళ్ళండి.
- తాళం చెవులు: మంచినీళ్ళ పాయింట్‌కు, టాయిలెట్ ఖాళీ చేసే చోటుకు కెనాల్ ట్రస్ట్ కీ. కొన్నిచోట్ల షట్టర్లకు తాళం ఉంటుంది, దానికి వేరే కీ. పడవ చేతికిచ్చేటప్పుడే రెండూ అడగండి.
- తాళ్ళు: ముందు ఒకటి, వెనక ఒకటి, మధ్యలో ఒకటి. లాకులో ఎక్కువ పనికొచ్చేది మధ్య తాడే.
- పొడవాటి గడ, కొక్కెం కర్ర, గట్టుకు కట్టే మేకులు, సమ్మెట.
- ఈత రానివాళ్ళందరికీ, పిల్లలందరికీ లైఫ్ జాకెట్లు. విసిరే ట్యూబు సరంగు చేతికి అందేలా ఉండాలి.
- పళ్ళున్న కత్తి, మందపాటి రబ్బరు గ్లౌజులు, టార్చి. ఎందుకో 9వ భాగంలో చెబుతాను.
- పట్టున్న బూట్లు. చెప్పులు వద్దు.
- చున్నీ, వదులుగా వేలాడే స్కార్ఫ్ తీసి లోపల పెట్టేయాలి. చీర కట్టుకున్నవాళ్ళు షట్టర్ల దగ్గరికి వెళ్ళొద్దు. తిరిగే పళ్ళచక్రం కొంగును క్షణంలో లాగేస్తుంది.
- పులిహోర, పెరుగన్నం, ఫ్లాస్కులో టీ. పడవలో స్టవ్ ఉన్నా లాకుల మధ్య వంట పెట్టుకోవద్దు. పడవ గోడకు తగిలిన ప్రతిసారీ గిన్నె కదులుతుంది.

## 5. ఇంజిన్ వేసే ముందు

పది నిమిషాల పని. ఆయిల్ పుల్ల తీసి చూడండి. డీజిల్ ఎంత ఉందో చూడండి. ఇంజిన్ గదిలో నీళ్ళు చేరితే పంపు వేసి తోడేయండి. ప్రొపెల్లర్ పైన ఉండే మూత గట్టిగా బిగించి ఉందో లేదో చేత్తో లాగి చూడండి. గ్రీజు హ్యాండిల్ ఉంటే ఎన్ని తిప్పులు తిప్పాలో యజమానిని అడిగి అన్నే తిప్పండి.

టన్నెల్ లైటు, హారన్ పనిచేస్తున్నాయో లేదో ఇక్కడే చూడాలి. టన్నెల్ నోటి దగ్గర చూస్తే లాభం లేదు.

## 6. క్యామ్‌డెన్ వచ్చేలోపు చుక్కాని అలవాటు చేసుకోండి

మొదటి గంట లాకులు లేకపోవడం మీ అదృష్టం. నడపడం అక్కడే నేర్చుకోవాలి.

చుక్కాని కర్రను కుడికి తోస్తే పడవ ముక్కు ఎడమకు తిరుగుతుంది. కారు నడిపేవాళ్ళకు ఇది పావుగంట ఇబ్బందిగా ఉంటుంది, తర్వాత చేతికి వచ్చేస్తుంది. పడవ తన నడుము దగ్గర తిరుగుతుంది. ముక్కు ఎడమకు పోతే తోక కుడికి పోయి పక్కనున్న పడవను కొడుతుంది. అందుకే మలుపుల్లో వెనక్కి కూడా చూడాలి.

బ్రేకు లేదు. ఆపాలంటే రివర్స్ వేయాలి, వేశాక కూడా పది ఇరవై టన్నుల ఇనుము కదా, కొంత దూరం పోతుంది. రివర్స్‌లో చుక్కాని దాదాపుగా పనిచేయదు. ప్రొపెల్లర్ ముందుకు తిరుగుతుంటేనే పడవ మీ మాట వింటుంది.

ఎదురుగా పడవ వస్తే కుడివైపుకు తప్పుకోవాలి. ఇంగ్లండ్ రోడ్ల మీదా, మన రోడ్ల మీదా ఎడమ అలవాటు కాబట్టి కంగారులో చెయ్యి తప్పు వైపుకే పోతుంది. కర్ర పక్కన ఒక స్టిక్కర్ మీద "కుడి" అని రాసి అంటించుకోండి, సిగ్గుపడక్కర్లేదు.

వేగం గంటకు 4 మైళ్ళు మించకూడదు. కట్టి ఉన్న పడవల పక్కన అందులో సగం కూడా ఎక్కువే. ఆ పడవలు మనుషుల ఇళ్ళు. మీరు రేపిన అలకు లోపల స్టవ్ మీది టీ ఒలుకుతుంది, మేకులు ఊడి వస్తాయి. కట్టిన మొదటి పడవ కనిపించకముందే వేగం తగ్గించండి.

దారిలో మెయిడా హిల్ టన్నెల్ వస్తుంది, 249 మీటర్లు. పక్కన నడక దారి లేదు, ఒకసారికి ఒకవైపే. ఇస్లింగ్టన్‌లో వచ్చే పెద్దదానికి ఇది మంచి ప్రాక్టీస్.

## 7. లాకు దిగడం: వరుస తప్పొద్దు

ఇక్కడి లాకులు వెడల్పైనవి. సుమారు 7 అడుగుల వెడల్పున్న నారోబోట్లు రెండు పక్కపక్కన పడతాయి. ఒక్కసారి లాకు నింపి వదిలితే సుమారు రెండున్నర లక్షల లీటర్ల నీరు కిందికి పోతుంది. వెనక ఇంకో పడవ వస్తోందంటే ఆగి కలిసి వెళ్ళండి. నీళ్ళూ మిగులుతాయి, తలుపులు నెట్టడానికి ఇంకో రెండు జతల చేతులూ దొరుకుతాయి.

మొదటి మెట్టు: ఆగి, చూడండి. లాకుకు ముందున్న గట్టుకు పడవను ఆనించి, తాడు పట్టుకుని ఒకరు నిలబడండి. మిగతావాళ్ళు లాకు దాకా నడిచి వెళ్ళండి. దిగువ నుంచి పడవ వస్తోందా? లాకు ఖాళీగా ఉండి ఎదుటివాళ్ళు దగ్గరలో ఉంటే వాళ్ళను పైకి రానివ్వండి. వాళ్ళు ఎక్కేసరికి లాకు మీకోసం నిండి ఉంటుంది.

రెండో మెట్టు: దిగువ మూసి ఉందా? దిగువ తలుపులు, దిగువ షట్టర్లు రెండువైపులా పూర్తిగా దించి ఉన్నాయో కళ్ళతో చూడండి. అవతలి షట్టర్ ఒక్కటి జానెడు తెరిచి ఉన్నా ఎంతసేపు నింపినా లాకు నిండదు. కొత్తవాళ్ళు ఎక్కువ సమయం పోగొట్టుకునేది ఇక్కడే.

మూడో మెట్టు: నింపండి. విండ్‌లాస్‌ను ఇరుసు మీద చివరిదాకా ఎక్కించాలి. పళ్ళచక్రం వెనక్కి తిరగకుండా పట్టే చిన్న ఇనుప నాలుకను ముందే వేయాలి. ఎగువ షట్టర్ ఎత్తాక విండ్‌లాస్ తీసి చేతిలో పెట్టుకోవాలి. ఇరుసు మీద వదిలేస్తే, నాలుక జారిన క్షణంలో అది గిర్రున తిరిగి చెయ్యి విరగ్గొడుతుంది, లేదా ఎగిరి నీళ్ళలో పడుతుంది.

నాలుగో మెట్టు: తలుపు తెరవండి. లోపలి నీరు, బయటి నీరు సమానమయ్యేదాకా తలుపు కదలదు. నలుగురు కలిసి నెట్టినా కదలదు. దూలానికి నడుము ఆనించి ఊరికే నిలబడండి. సమానమైన క్షణంలో అదే మెల్లగా జరగడం మొదలుపెడుతుంది. ఒంటరి నారోబోట్‌కు రెండు తలుపుల్లో ఒకటి తెరిస్తే చాలు.

ఐదో మెట్టు: లోపలికి. నడక కంటే నెమ్మదిగా. లాకు గోడ మీద గడప ఎక్కడిదాకా ఉందో చూపే తెల్లగీత ఉంటుంది. పడవ తోక, చుక్కానితో సహా, ఆ గీతకు బాగా ముందుకు రావాలి. అలాగని ముక్కు దిగువ తలుపుకు ఆనకూడదు. తలుపు మీది చెక్కకు ముక్కు తట్టుకుంటే పడవ దిగకుండా అక్కడే వేలాడుతుంది. తోకకు, గీతకు మధ్య కనీసం ఒక మీటరు, ముక్కుకు, తలుపుకు మధ్య ఒక అడుగు ఉండేలా చూసుకోండి.

ఆరో మెట్టు: వెనక మూయండి. ఎగువ తలుపు మూసి, ఎగువ షట్టర్లు దించండి. ఇద్దరూ ఒకరి వైపు ఒకరు చూసి "మూసేశాను" అని సైగ చేసుకోండి. షట్టర్‌ను విండ్‌లాస్‌తో తిప్పుతూ దించాలి, ధడేల్‌మని వదలొద్దు.

ఏడో మెట్టు: తాడు. మధ్య తాడును గట్టు మీది ఇనుప గుంజకు ఒక చుట్టు తిప్పి, కొస చేత్తో పట్టుకోండి. ముడి వేయొద్దు. పడవ కిందికి దిగుతున్నకొద్దీ తాడు జారుతూ పోవాలి. ముడి పడితే పడవ ఒకవైపు వేలాడి ఒరిగిపోతుంది. తాడును అరచేతికి చుట్టుకోవద్దు, ఎప్పుడూ.

ఎనిమిదో మెట్టు: సైగ, తర్వాతే షట్టర్. సరంగు తోక చూసుకుని, గీత చూసుకుని చెయ్యి ఎత్తుతాడు. దిగువ షట్టర్ ఒక్కటి, సగం మాత్రమే ఎత్తండి. పడవ నిలకడగా దిగుతోందా? అయితే మిగతా సగం, తర్వాత అవతలిది. నీళ్ళు పూర్తిగా దిగేదాకా షట్టర్ల మనిషి ఆ పక్కనే నిలబడి పడవనే చూడాలి. ఫోన్ జేబులో. ఫోటోలు తీయాలనుకుంటే నాలుగో మనిషి తీస్తారు.

తొమ్మిదో మెట్టు: బయటికి. దిగువ తలుపు తెరిచి, పడవ బయటపడ్డాక షట్టర్లు దించి, తలుపు మూసి, దిగువ గట్టు దగ్గర పడవ ఎక్కండి. కిందికి దిగిపోయిన పడవ కప్పు మీదికి లాకు అంచు నుంచి దూకొద్దు. తెరిచి ఉన్న రెండు తలుపుల మధ్య ఖాళీని దాటడానికి గెంతొద్దు. చుట్టూ నడిచి రండి, రెండు నిమిషాలే.

## 8. గడప మీద తోక పడితే

దీనికి విడిగా ఒక భాగం రాయడానికి కారణం ఉంది.

మూడేళ్ళ కిందట ఓల్డ్ ఫోర్డ్ లాకులో మేం దిగుతున్నాం. అది ఎనిమిదో లాకు, అందరం అలసిపోయి ఉన్నాం, చుక్కాని నా చేతిలో ఉంది. పక్కనే విక్టోరియా పార్కు నుంచి వచ్చిన ఒక కుటుంబం తెలుగులో పలకరించింది. నేను వాళ్ళవైపు తిరిగి మాట్లాడుతూ ఉంటే పడవ మెల్లగా, చూస్తే కూడా తెలియనంత మెల్లగా, వెనక్కి జారింది. నాకు మొదట తెలిసింది కన్నుతో కాదు. మెట్ల పక్క అర మీద పెట్టిన స్టీలు టీ గ్లాసు తనంతట తానే ముందుకు జరిగింది. తర్వాత కాళ్ళ కింద ఇనుము రాతిని గీసిన చప్పుడు. తోక గడప మీద ఆగింది, ముక్కు దిగుతూనే ఉంది.

షట్టర్ దగ్గరున్న తమ్ముడు పడవనే చూస్తున్నాడు. నా చేతులు తల మీదికి వెళ్ళేలోపే విండ్‌లాస్ ఎక్కించి దించేశాడు. అతను ఫోన్ చూస్తూ ఉండి ఉంటే ముందు తలుపులోంచి నీళ్ళు లోపలికి వచ్చేవి. నారోబోట్లు లాకుల్లో మునిగిపోయేది ఇలాగే, ఒకటి రెండు నిమిషాల్లో.

చేయాల్సిన వరుస, కంఠతా ఉండాలి:

1. దిగువ షట్టర్లు వెంటనే దించేయండి, రెండువైపులా.
2. అవి పూర్తిగా మూసుకున్నాక ఎగువ షట్టర్ కొద్దికొద్దిగా ఎత్తండి. నీరు పెరిగి తోక తేలుతుంది.
3. లోపలున్నవాళ్ళను ముందే బయటికి పిలవండి. సామాను కోసం ఎవరూ వెనక్కి వెళ్ళొద్దు.
4. తేలాక ఇంజిన్ మెల్లగా వేసి పడవను ముందుకు తెచ్చి, చుక్కాని సరిగ్గా తిరుగుతోందో చూసి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టండి.

ఇంజిన్‌ను గట్టిగా ముందుకు వేసి గడప మీంచి లాగాలని చూడొద్దు. చుక్కాని విరుగుతుంది.

## 9. మిగతా పొరపాట్లు, సరిచేసే పద్ధతి

ఇంజిన్ తిరుగుతోంది, పడవ కదలడం లేదు. ప్రొపెల్లర్‌కు ఏదో చుట్టుకుంది. నగరం కాలువలో ఇది మామూలే, రోజుకు ఒకసారైనా తగులుతుందనుకోండి. పడవను గట్టుకు కట్టి, ఇంజిన్ ఆపి, తాళం చెవి తీసి మీ జేబులో వేసుకోండి. అప్పుడే మూత తెరవండి.

మాకు ఒకసారి హ్యాగర్‌స్టన్ దగ్గర చుట్టుకున్నది దుప్పటి కవరు. చెయ్యి భుజం దాకా చల్లటి నీళ్ళలో పెట్టి, కళ్ళకు కనపడకుండా తడుముతూ, పళ్ళ కత్తితో ఒక్కో పొర కోస్తే నలభై నిమిషాలు పట్టింది. లాగితే రాదు, ఇంకా బిగుస్తుంది. కోసి, ప్రొపెల్లర్‌ను చేత్తో వెనక్కి తిప్పుతూ విప్పాలి.

పని అయ్యాక మూతను తిరిగి సరిగ్గా కూర్చోబెట్టి బిగించడం అసలు పని. వదులుగా ఉంటే ఇంజిన్ వేయగానే నీళ్ళు ఎగజిమ్మి ఇంజిన్ గది నిండుతుంది. వేశాక ఒక నిమిషం టార్చి వేసి చూడండి. ముక్కలను కాలువలో పారేయకుండా సంచిలో వేసుకోండి, లేకపోతే వెనకవాళ్ళకు చుట్టుకుంటుంది.

తలుపు తెరుచుకోవడం లేదు. నీరు ఇంకా సమానం కాలేదు, లేదా అవతలి కొసలో షట్టర్ తెరిచి ఉంది. వెళ్ళి చూడండి. తలుపు వెనక చెత్త, దుంగ అడ్డుపడినా ఇంతే, కొక్కెం కర్రతో తీయాలి.

పడవ అడుగు బురదలో ఆనింది. ముందుకు తోసుకుపోవాలని చూడకండి. వచ్చిన దారినే రివర్స్ వేయండి. మనుషులు ఆననివైపుకు జరగండి, గడతో గట్టును నెట్టండి. గడను గుండెకు, కడుపుకు ఆనించుకోవద్దు.

విండ్‌లాస్ నీళ్ళలో పడింది. రెండోది తీసి పని కానివ్వండి. దాని కోసం లాకులో వంగొద్దు.

మనిషి నీళ్ళలో పడ్డారు. ముందు ఇంజిన్ న్యూట్రల్‌లో పెట్టండి. లాకులో అయితే షట్టర్లన్నీ దించండి. ట్యూబు విసరండి, లాకు గోడకున్న ఇనుప నిచ్చెన వైపు తీసుకురండి. ఎవరూ దూకొద్దు. లాకు బయట కాలువలో చాలాచోట్ల నడుము లోతే ఉంటుంది, "నిలబడు" అని చెబితే నిలబడతారు.

కాలువ నీళ్ళు తాకాక తినే ముందు చేతులు సబ్బుతో కడగాలి. చేతుల మీద గాట్లుంటే ముందే ప్లాస్టర్ వేసుకోండి. ఎలుక మూత్రం కలిసిన నీళ్ళ వల్ల లెప్టోస్పైరోసిస్ రావచ్చు. తర్వాత కొద్ది రోజుల్లో జ్వరం, ఒళ్ళునొప్పులు వస్తే డాక్టర్‌కు కాలువలో పనిచేసిన సంగతి తప్పకుండా చెప్పండి.

## 10. దారిలో ఎక్కడ ఏం జాగ్రత్త

క్యామ్‌డెన్, లాకులు 1 నుంచి 3: హ్యాంప్‌స్టెడ్ రోడ్, హాలీ, కెంటిష్ టౌన్. మూడూ ఒకదాని వెంట ఒకటి, ఊపిరి తీసుకునే వ్యవధి ఉండదు. వారాంతాల్లో జనం తలుపుల దూలాల మీద కూర్చుని తింటూ ఉంటారు. "ఇప్పుడు ఇది కదులుతుంది, కొంచెం లేవండి" అని నవ్వుతూ చెబితే లేస్తారు, చాలామంది నెట్టడానికి కూడా వస్తారు. దూలం నెట్టనివ్వండి, విండ్‌లాస్ మాత్రం ఎవరికీ ఇవ్వకండి. తొమ్మిదింటికే అక్కడుంటే ఈ రద్దీ ఉండదు.

సెయింట్ ప్యాంక్రాస్, 4: దీని తర్వాత కొంతసేపు లాకులు లేవు. టీకి మంచి చోటు.

ఇస్లింగ్టన్ టన్నెల్: 878 మీటర్లు, నడక దారి లేదు, ఎదురెదురుగా పడవలు పట్టవు. టన్నెల్ తిన్నగా ఉంటుంది కాబట్టి నోటి దగ్గర ఆగి చూస్తే అవతలి వెలుగు కనిపిస్తుంది. మధ్యలో ఇంకో లైటు కదులుతుంటే ఆగండి, వాళ్ళు వచ్చాక వెళ్ళండి. హారన్ ఒకసారి పొడుగ్గా కొట్టి, టన్నెల్ లైటు వేసి, అందరినీ లోపలికి పంపండి. చేతులు, తలలు బయట పెట్టొద్దు. పడవ లోపలి లైట్లు కూడా వేస్తే గోడలు కనిపించి సరంగుకు తేలికవుతుంది. చూపు దూరపు వెలుగు మీద ఉంచాలి. గోడను చూస్తూ నడిపితే పడవ గోడవైపుకే పోతుంది. పదిహేను, ఇరవై నిమిషాలు పడుతుంది.

సిటీ రోడ్, 5: టన్నెల్ బయటికి రాగానే ఉంటుంది. కళ్ళు వెలుగుకు అలవాటయ్యేదాకా నెమ్మదిగా పోనివ్వండి. ఇది దాటాక భోజనం చేసేయండి. ఆకలి మీద తర్వాతి స్టర్ట్స్ (6), యాక్టన్స్ (7) లాకులు చేస్తే మెట్లు తప్పుతాయి.

ఓల్డ్ ఫోర్డ్, 8: దీని కింద హెర్ట్‌ఫర్డ్ యూనియన్ కాలువ ఎడమకు చీలుతుంది. మీరు తిన్నగా వెళ్ళాలి. చీలిక దగ్గర హారన్ కొట్టండి.

మైల్ ఎండ్, జాన్సన్స్, సామన్ లేన్, కమర్షియల్ రోడ్, 9 నుంచి 12: అలసట వచ్చే చోటు. ఇక్కడ సరంగును మార్చండి. తొమ్మిది మెట్లు పైకి చెప్పుకుంటూ చేయండి.

## 11. లైమ్‌హౌస్‌లో కట్టాక

కమర్షియల్ రోడ్ లాకు దాటగానే నీళ్ళు ఒక్కసారి విశాలమవుతాయి. గాలి కూడా పెరుగుతుంది, పడవ పక్కకు కొట్టుకుపోతుంటే కంగారుపడకుండా కొంచెం వేగం ఇవ్వండి. అవతలి కొసలో థేమ్స్ నదిలోకి వెళ్ళే పెద్ద లాకు ఉంది. అటు పోవద్దు. నదికి ఆటుపోటులు ఉంటాయి, దానికి వేరే అనుమతులు, వేరే అనుభవం కావాలి.

- ముందు, వెనక తాళ్ళు రెండూ కట్టారా? కొద్దిగా వదులు ఉంచారా?
- ఇంజిన్ ఆపి తాళం తీశారా? గ్యాస్ కట్టేశారా?
- ఇంజిన్ గదిలో నీళ్ళు చేరలేదుగా?
- టన్నెల్ లైటు ఆపారా? మర్చిపోతే పొద్దున బ్యాటరీ ఉండదు.
- రేపు తిరుగు ప్రయాణమైతే ఇప్పుడే పడవ తిప్పి కట్టండి, బేసిన్‌లో చోటు ఉంటుంది. ఎక్కేటప్పుడు లాకులోకి నీళ్ళు ఉరకలేస్తూ వస్తాయి, అందుకని ఎగువ షట్టర్లు దిగువవాటికంటే ఇంకా నెమ్మదిగా, పావు వంతు చొప్పున ఎత్తాలని అందరికీ చెప్పండి.

ఇంటికి వెళ్ళేవాళ్ళకు లైమ్‌హౌస్ డీఎల్ఆర్ రైలు స్టేషన్ దగ్గరలోనే ఉంది. వాళ్ళు బయలుదేరకముందే విండ్‌లాస్‌లు లెక్కపెట్టండి. మూడు తెచ్చారు, మూడూ ఉండాలి. ఒకటి తగ్గితే ముందు అందరి కోటు జేబులూ చూడండి, తర్వాత కమర్షియల్ రోడ్ లాకు దాకా నడిచి వెళ్ళి దూలం మీద చూడండి. సాధారణంగా అక్కడే ఉంటుంది.